27 ఏళ్ళకే స్పైక్స్ (ట్రాక్ మీద వేసుకునే ముళ్ళ బూట్లు) మూల పడేస్తున్నారు: బ్రిటన్ లాంగ్ డిస్టెన్స్ రన్నర్ల సంగతి

రీడింగ్_రన్నర్ · మంగళవారం రాత్రి 10:52

ఇప్పుడే ట్రాక్ నుంచి వచ్చాను. స్నానం కూడా చెయ్యలేదు, ముందు ఇది ఇక్కడ కక్కేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

మా క్లబ్‌లో ఒకబ్బాయి ఉన్నాడు, ఇక్కడి తెల్లబ్బాయే, పేరెందుకులెండి. 27 ఏళ్ళు. 10,000 మీటర్లు 29 నిమిషాల లోపు కొడతాడు. అతను ముగించేసరికి నాకింకా ఏడు ల్యాపులు మిగిలుంటాయి, అదీ తేడా. తెల్లారి ఆరింటికి పది మైళ్ళు, తొమ్మిదింటి నుంచి షూ షాపులో రోజంతా నిలబడే ఉద్యోగం, సాయంత్రం మళ్ళీ పరుగు. ఇవాళ సెట్ అయిపోయాక బెంచీ మీద కూర్చుని లేసులు విప్పుకుంటూ "ఈ సీజన్‌తో సరి, ఇంక మామూలు ఉద్యోగం చూసుకుంటా" అన్నాడు. బస్సొచ్చింది వెళ్ళొస్తా అన్నంత తేలిగ్గా. ఎడమ మడమకి టేపు అలాగే ఉంది, దానికి స్కాన్ కోసం మూడు నెలలుగా క్యూలో ఉన్నాడట.

నా డౌట్ ఇది. లాంగ్ డిస్టెన్స్‌లో, ముఖ్యంగా మారథాన్‌లో, అసలు సత్తా బయటికొచ్చేది 28 దాటాకే కదా. ఒలింపిక్స్ మీద ఇంత ఖర్చు పెట్టే దేశం సరిగ్గా పంట కోతకొచ్చే టైమ్‌కి చేను ఎందుకు వదిలేస్తోంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతబస్తీ_పేసర్ · మంగళవారం రాత్రి 11:20

ఇందులో పెద్ద రహస్యం ఏం లేదన్నా. 1996 అట్లాంటాలో బ్రిటన్ మొత్తానికి వచ్చింది ఒక్క గోల్డ్, అదీ రోయింగ్‌లో. పరువు పోయింది. మరుసటి ఏడాది నుంచి నేషనల్ లాటరీ డబ్బు ఆటగాళ్ళకి ఇవ్వడం మొదలెట్టారు. రూల్ ఒకటే, పతకం తెచ్చేవాడికి, లేదా రేపో ఎల్లుండో తెస్తాడని నమ్మకం కుదిరినవాడికి. డబ్బు యూకే స్పోర్ట్ అనే ప్రభుత్వ సంస్థ ఇస్తుంది, మన పరుగువాళ్ళలో అది ఎవరికో యూకే అథ్లెటిక్స్ (అథ్లెటిక్స్ సంఘం) ఏటా జాబితా తయారు చేస్తుంది. పై మెట్టు మీద ఉన్నవాళ్ళకి ఏడాదికి గరిష్ఠంగా 28 వేల పౌండ్ల దాకా అని చాలాకాలంగా వింటున్న లెక్క. పన్ను లేదు, కానీ స్పాన్సర్ల నుంచి బాగా సంపాదిస్తుంటే ఇందులో కోత పడుతుంది. లండన్‌లో ఒక గది అద్దె తెలిసినవాళ్ళకి ఈ అంకె ఎంత దూరం వస్తుందో చెప్పక్కర్లేదు.

అయితే డబ్బు కన్నా ఆ జాబితాతో పాటు వచ్చేవే అసలైనవి. ఫిజియో, డాక్టర్, క్యూ లేకుండా స్కాన్, కొండ ప్రాంతాల్లో ట్రైనింగ్ క్యాంపు. మీవాడి మడమ సంగతి జాబితాలో ఉండుంటే మూడు నెలలు పట్టేది కాదు. జాబితా బయట నిలబడ్డవాడికి క్లబ్బూ, కోచ్ మంచితనమూ, సొంత జేబూ, అంతే.

ఇంకోటి, పారిస్ ఒలింపిక్స్‌కి వరల్డ్ ర్యాంకింగ్ ద్వారా వచ్చిన పిలుపులు కొన్నిటిని మనవాళ్ళే (ఇక్కడివాళ్ళే అంటున్నా) వద్దన్నారు, ఫైనల్ ఎనిమిదిలో ఉండే అవకాశం లేదని. ఒలింపియన్ అనే మాట పేరు పక్కన పడితే ఒక అథ్లెట్‌కి స్పాన్సర్ దొరకడం ఎంత తేలికవుతుందో ఆ కమిటీలో ఎవరైనా ఆలోచించారా అని నాకు డౌటే.

లీడ్స్_లక్ష్మి · బుధవారం ఉదయం 6:05

నైట్ డ్యూటీ దిగి చదువుతున్నా. ఈ టాపిక్ వస్తే నాకు ఇక్కడి లాంగ్ డిస్టెన్స్ రన్నర్ జో పేవీ తప్ప ఇంకెవరూ గుర్తు రారు. 2014 ఆగస్టు, జ్యూరిక్, యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్ 10,000 మీటర్లు. ఆవిడకి అప్పుడు 40 నిండి 41వ పుట్టినరోజు దగ్గర పడుతోంది. రెండో బిడ్డ పుట్టి ఏడాది కూడా కాలేదు. చివరి ల్యాప్‌లో ముందుకెళ్ళి గోల్డ్ కొట్టింది, 32:22.39. ఆ టైమ్ గొప్పదేం కాదు, నిదానంగా మొదలైన రేస్. కానీ ఆ చివరి ల్యాప్ నేను మా రెండోదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని చూశాను, అరవడానికి వీల్లేక పెదవి కొరుక్కున్నాను. ఐదు ఒలింపిక్స్ ఆడిందావిడ, 2000 సిడ్నీ నుంచి 2016 రియో దాకా.

కోచ్ ఎవరు? మొగుడే. డెవాన్‌లో ఇంటి చుట్టుపక్కలే ట్రైనింగ్, పిల్లలూ వెంటే. వ్యవస్థ నిలబెట్టిన కెరీర్ కాదది, ఒక ఇల్లు నిలబెట్టిన కెరీర్. రీడింగ్ గారూ, మీ అబ్బాయికి ఇంట్లో అలాంటి మనిషి ఉన్నారా? నేనైతే ముందు అదే అడుగుతా.

ఈస్ట్‌హామ్_కిరాణా · బుధవారం ఉదయం 9:40

అందరికీ నమస్కారం. నేను రన్నర్ని కాను, మా ఆవిడ పార్క్‌రన్‌కి (వారం వారం పార్కులో అందరూ కలిసి పరిగెత్తేది) వెళ్తుంది, ఆ లింకుతో చదువుతున్నా. ఒక మాట సూటిగా అంటా, తిట్టుకోకండి.

ఆ లాటరీ డబ్బు ఎక్కడిది? నా కౌంటర్ మీదిది. రోజూ నేనే అమ్ముతా. పెన్షన్ పడిన రోజు ఒక ముసలావిడ వస్తుంది, పాల ప్యాకెట్టు, బ్రెడ్డు, రెండు పౌండ్ల టికెట్. చిల్లర లెక్కపెట్టి ఒక్కోసారి బ్రెడ్డు వెనక్కి పెడుతుంది గానీ టికెట్ వెనక్కి పెట్టదు. ఆ రెండు పౌండ్లలోంచి తీసి, పతకం వస్తుందో రాదో తెలియని వాడికి ఇంకో పదేళ్ళు తిండి పెట్టాలంటే నాకు మనసొప్పదు. పతకం తెచ్చేవాడికే ఇస్తున్నారంటే న్యాయమే కదా? కెన్యావాళ్ళకి ఏ ఫిజియో ఉన్నాడని గెలుస్తున్నారు?

రైల్వే_మాస్టారు · బుధవారం ఉదయం 10:15

కిరాణా గారూ, మీ మాటలో నిజం ఉంది, కాదనను. నేను సికింద్రాబాద్‌లో రిటైరయ్యాను, రైల్వేస్ తరఫున 5,000 మీటర్లు పరిగెత్తినవాణ్ణి, మరీ గొప్పగా ఏం కాదు. మన దగ్గర ఆటగాడికి అన్నం పెట్టింది లాటరీ కాదు, ఉద్యోగం. స్పోర్ట్స్ కోటా. ఆర్మీ, రైల్వే, పోలీస్. స్టీపుల్‌ఛేజ్ రన్నర్ అవినాశ్ సాబ్లే ఇవాళ్టికీ ఆర్మీ మనిషే. పొద్దున్న సంతకం పెట్టి గ్రౌండ్‌కి వెళ్ళేవాళ్ళం, ఒకటో తారీఖున జీతం పడేది, కాలు విరిగినా పడేది. ఆ ధీమా ఉంటే మనిషి పరుగు వేరుగా ఉంటుంది.

బ్రిటన్‌లో కూడా ఒకప్పుడు ఇంచుమించు ఇంతే. స్టీవ్ జోన్స్ అని వేల్స్ మనిషి, రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో కార్పొరల్, విమానాల టెక్నీషియన్. 1984 షికాగో మారథాన్‌లో 2:08:05, వరల్డ్ రికార్డ్. మరుసటి ఏడు అక్కడే 2:07:13, అప్పటి వరల్డ్ రికార్డుకి ఒక్క సెకను ఎక్కువ. ఆ టైమ్ బ్రిటిష్ రికార్డుగా 32 ఏళ్ళకి పైగా ఉంది, 2018లో లండన్‌లో మో ఫారా తీసేదాకా. చార్లీ స్పెడింగ్, 1984 లాస్ ఏంజెల్స్‌లో మారథాన్ కాంస్యం, ఆయన ఫార్మసిస్టు. రాన్ హిల్ బట్టల రంగుల కెమిస్టు, డాక్టరేట్ కూడా, 1970లో బోస్టన్ మారథాన్ గెలిచాడు. ఆ తర్వాత కూడా ఆపాడా? 1964 నుంచి 2017 జనవరి దాకా ఒక్క రోజు మానకుండా పరిగెత్తాడు, 52 ఏళ్ళ 39 రోజులు. నాకు మోకాలు నొప్పి వస్తే ఆయన పేరు తల్చుకుని సిగ్గుపడతాను.

వీళ్ళెవరికీ లాటరీ లేదు. ఉద్యోగం ఉంది, క్లబ్ ఉంది, క్లబ్‌లో తనంతటి వాళ్ళు ఇంకో పదిమంది ఉన్నారు.

పాతబస్తీ_పేసర్ · బుధవారం మధ్యాహ్నం 1:02

మాస్టారూ, ఆ చివరి ముక్క దగ్గరే ఉంది కథంతా.

కిరాణా అన్నా, కెన్యావాళ్ళకి ఏముంది అన్నావు కదా, ఉంది. ఈటెన్‌లో తెల్లారి రోడ్డు మీదకి వస్తే పక్కన పరిగెత్తడానికి యాభై మంది దొరుకుతారు, ఊరు 2,400 మీటర్ల ఎత్తులో ఉంది, క్యాంపుకి వేరే టికెట్ అక్కర్లేదు. పైగా యూరప్‌లో ఒక రోడ్ రేస్ గెలిస్తే వచ్చే డబ్బుకి అక్కడ పొలం వస్తుంది, ఇక్కడ ఆర్నెల్ల అద్దె వస్తుంది. అదే డబ్బు, అదే పరుగు. 30 ఏళ్ళవాడు ఇంకో రెండేళ్ళు ఆగి చూద్దాం అనుకోవడానికీ, అనుకోలేకపోవడానికీ అక్కడుంది తేడా.

మో ఫారా కథే చూడు. కుర్రాడిగా ఉన్నప్పుడు టాలెంట్ ఉంది, పద్ధతి లేదు. 2005లో టెడింగ్టన్‌లో కెన్యా రన్నర్లున్న ఇంట్లోకి మారాడు. తినడం, పరిగెత్తడం, పడుకోవడం, మళ్ళీ పరిగెత్తడం, వాళ్ళ జీవితం చూసి అప్పుడు అర్థమైంది తను చేస్తున్నది సగమేనని. ఇంకో ముచ్చట, ట్రైనింగ్‌కి వెళ్ళి రావడానికి అవస్థ పడుతుంటే అతని డ్రైవింగ్ లెసన్లకి డబ్బు కట్టింది పౌలా రాడ్‌క్లిఫ్. మారథాన్ వరల్డ్ రికార్డ్ హోల్డర్ (2:15:25, 2003 లండన్, పదహారేళ్ళు ఎవరూ ముట్టుకోలేదు) ఒక కుర్రాడి డ్రైవింగ్ క్లాసులకి ఫీజు కట్టింది! నాలుగు ఒలింపిక్ గోల్డ్‌ల వెనక ఆ ఫీజు కూడా ఉందంటే నేను నమ్ముతా.

ట్వికెనామ్‌లో సెయింట్ మేరీస్ యూనివర్సిటీ దగ్గర లండన్ మారథాన్ వాళ్ళ డబ్బుతో లాంగ్ డిస్టెన్స్ వాళ్ళకి సెంటర్ పెట్టింది కూడా ఇందుకే, పదిమంది ఒకచోట ఉంటే చాలు, మిగతాది వాళ్ళే ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారని. పక్కనే బుషీ పార్క్. చలికాలం పొద్దున్నే అక్కడికి వెళ్తే జింకల మధ్యలోంచి వాళ్ళు గుంపుగా దూసుకెళ్తుంటారు, మాట్లాడుకుంటూ! మనం స్ప్రింట్ చేసినా అందుకోలేని స్పీడులో ఏదో సినిమా కబుర్లు చెప్పుకుంటూ పోతారు. ఏడుపొస్తుంది.

ఈస్ట్‌హామ్_కిరాణా · బుధవారం మధ్యాహ్నం 1:30

డ్రైవింగ్ క్లాసుల సంగతి తెలియదు నాకు. బాగుంది. కానీ అది ఆవిడ సొంత డబ్బు, ముసలావిడ టికెట్ కాదు.

మిల్టన్‌కీన్స్_నాన్న · బుధవారం రాత్రి 8:48

అందరూ 27 గురించి మాట్లాడుతున్నారు, నేను 15 గురించి చెప్తా.

మా అమ్మాయి రెండేళ్ళ క్రితం కౌంటీ క్రాస్ కంట్రీలో మెడల్ తెచ్చుకుంది. మేం మురిసిపోయాం, మా అమ్మ విజయవాడలో వీధంతా స్వీట్లు పంచింది. తర్వాత ఒక కోచ్ (ఏ క్లబ్ అని అడగొద్దు, ఇప్పుడు అక్కడ లేం) "ఇంకో మూడు కిలోలు తగ్గితే నేషనల్స్‌లో ఉంటావు" అన్నాడు. అంతే, అన్నం మానేసింది. నేనూ గమనించలేదు, కంచంలో పెరుగన్నం అటూ ఇటూ కదుపుతూ కూర్చునేది, హోంవర్క్ టెన్షన్ అనుకున్నాను. ఆర్నెల్లకి కాలి ఎముకలో పగులు. డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న పరుగు గురించి కాదు, నెలసరి వస్తోందా అని. మా ఆవిడ నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను.

ఇప్పుడు బాగానే ఉంది. పరుగు మానేసి హాకీ ఆడుతోంది. నేను అడగను.

లీడ్స్_లక్ష్మి · గురువారం ఉదయం 6:20

నాన్న గారూ, అడగకపోవడమే మంచిది. హాకీ ఆడనివ్వండి.

మీ ఇంట్లో జరిగిందే పెద్ద స్థాయిలో జరిగి, ఆ అమ్మాయి ధైర్యంగా బయటికి చెప్పింది కూడా. బాబీ క్లే, 2015లో 1,500 మీటర్లలో యూరోపియన్ జూనియర్ ఛాంపియన్. 2017లో పత్రికలో తనే రాసింది. 20 ఏళ్ళకి ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు), ఇంకా పీరియడ్స్ మొదలే కాలేదు. ఈతకొలనులో గోడని పాదంతో తన్ని తిరగబోతే పాదంలో ఎముక విరిగింది. తిండి చాలకుండా ట్రైనింగ్ మాత్రం పెంచుకుంటూ పోతే ఒళ్ళు ముందు హార్మోన్లు ఆపేస్తుంది, తర్వాత ఎముకల్లోంచి అప్పు తీసుకుంటుంది. కుర్రవయసులో టైమ్స్ బాగా వస్తాయి కూడా, అదే ప్రమాదం, అందరూ చప్పట్లు కొడతారు. బిల్లు 22 ఏళ్ళకి వస్తుంది. మగపిల్లలకీ ఇది ఉంది, అడిగేవాళ్ళు లేరంతే.

పదహారేళ్ళ వయసులో గెలిచేవాళ్ళ లిస్టూ, ముప్ఫయ్యేళ్ళ వయసులో గెలిచేవాళ్ళ లిస్టూ పక్కపక్కన పెట్టి చూడండి, సగం పేర్లు కలవవు. రోజ్ హార్వే లండన్‌లో లాయరు, 2020లో కోవిడ్‌లో ఉద్యోగం పోయాక సీరియస్‌గా పరుగు మొదలెట్టింది, నాలుగేళ్ళకి పారిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఉంది. అక్కడ తొడ ఎముకలో పగులుతోనే రేస్ పూర్తి చేసింది. డాక్టరుగా తిట్టాలి, రన్నరుగా దణ్ణం పెట్టాలి, ఏం చెయ్యాలో నాకింకా తేలలేదు.

బర్మింగ్‌హామ్_బజ్జి · గురువారం మధ్యాహ్నం 12:10

అబ్బా మరీ నీరసంగా నడుస్తోంది థ్రెడ్డు, నేనొకటి వేస్తా.

2022 కామన్‌వెల్త్ గేమ్స్. నేను టికెట్లు కొన్నది పీవీ సింధు కోసం, కామన్‌వెల్త్ అంటే మనకి అదే కదా. అథ్లెటిక్స్ జరిగే అలెగ్జాండర్ స్టేడియానికి టికెట్ మా ఆఫీసులో ఎవరో రాలేక ఇచ్చేశారు. వెళ్తే ఆ రాత్రి ఆడవాళ్ళ 10,000 మీటర్లు. నిజం చెప్పాలంటే మొదటి పదిహేను ల్యాపులు ఫోన్ చూసుకుంటూ చిప్స్ తిన్నాను. చివరి ల్యాప్ గంట మోగింది, కెన్యా అమ్మాయి ఐరీన్ చెప్టాయ్ ముందు, ఐలీష్ మెకోల్గన్ వెనక. ఆఖరి వంద మీటర్లలో ఐలీష్ ఆమెని దాటేసింది చూడండీ, స్టేడియం కప్పు ఎగిరిపోయింది. నా పక్కన స్కాట్లండ్ పెద్దాయన ఒకాయన నన్ను వాటేసుకుని ఏడ్చాడు, నా చిప్స్ అన్నీ నేలపాలు. 30:48.60.

ఆయనే చెప్పాడు, ఐలీష్ వాళ్ళమ్మ లిజ్ ఇదే కామన్‌వెల్త్ 10,000 మీటర్ల గోల్డ్ 1986లోనూ 1990లోనూ గెలిచిందని. కూతురికి అప్పుడు 31 ఏళ్ళు. స్టీపుల్‌ఛేజ్‌తో మొదలెట్టి, పాదం ఆపరేషన్లయ్యాక అవరోధాలు దూకడం మానేసి ఫ్లాట్ రేసులకి మారింది. మరుసటి ఏడాది 30:00.86 పరిగెత్తి పౌలా బ్రిటిష్ రికార్డు కూడా తీసింది. 23 ఏళ్ళకే "నీ వల్ల కాదమ్మా" అని ఎవరైనా జాబితాలోంచి కొట్టేసుంటే?

అది సరే, మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది, సింధు మ్యాచ్‌కి అంత ఏడవలేదేం అని.

రైల్వే_మాస్టారు · గురువారం సాయంత్రం 4:35

లక్ష్మి గారు అన్న ఇంటిమనిషి మాట పట్టుకుని చూస్తున్నా. పేవీకి మొగుడు కోచ్. మెకోల్గన్‌కి చాలాకాలం అమ్మ కోచ్. మారథాన్ రన్నర్లలో క్యాలమ్ హాకిన్స్‌కి నాన్న కోచ్. క్రిస్ థామ్సన్ భార్య కూడా అథ్లెటే. ఇంట్లో రన్నింగ్ అర్థమయ్యే మనిషి లేనివాళ్ళు మనకి పేర్లు తెలిసేదాకా రావడమే లేదేమో.

ఆ క్రిస్ థామ్సన్ సంగతి ఎవరూ రాయలేదేం? 2010లో యూరోపియన్స్ 10,000లో మో ఫారా వెనక వెండి. తర్వాత గాయాల మీద గాయాలు. 2021 మార్చిలో టోక్యో ఒలింపిక్స్ మారథాన్ కోసం ట్రయల్ రేస్ పెట్టారు, కోవిడ్ కాబట్టి జనం లేకుండా లండన్‌లో క్యూ గార్డెన్స్ అనే తోటలో చుట్లు చుట్లుగా. ఆ వారంలోనే కొడుకు పుట్టాడు. ముందు గుంపు వెళ్ళిపోతుంటే తన లెక్కలో తను ఉండి, ఒక్కొక్కణ్ణీ ఏరుకుంటూ వచ్చి గెలిచాడు. 2:10:52, అతని జీవితంలోనే బెస్ట్, 39 ఏళ్ళ 11 నెలల వయసులో. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో.

పాతబస్తీ_పేసర్ · గురువారం సాయంత్రం 6:14

మాస్టారూ, షూస్ కూడా కలిసొచ్చాయి లెండి, అడుగున కార్బన్ పలక ఉండే షూస్ వచ్చాక మర్నాడు కాళ్ళు పట్టేయడం తగ్గిందని అందరూ అంటారు, ముసలి కాళ్ళకి ఇంకా మేలు. అయినా గొప్పే.

నన్ను ఎక్కువ తినేసేది నాలుగో స్థానం. బ్రిటన్ వాళ్ళకి ఎవరో రిజర్వేషన్ చేయించినట్టు ఉంటుంది. జాన్ బ్రౌన్, ఒలింపిక్ మారథాన్‌లో 2000లో నాలుగు, 2004లో మళ్ళీ నాలుగు. హాకిన్స్, వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ మారథాన్‌లో 2017లో నాలుగు, 2019లో నాలుగు. మధ్యలో 2018 గోల్డ్‌కోస్ట్ కామన్‌వెల్త్ గేమ్స్‌లో దాదాపు రెండు నిమిషాల ఆధిక్యంతో ఉండి రెండు కిలోమీటర్లు మిగిలుండగా ఎండకి సొమ్మసిల్లి పడిపోయాడు పాపం. ఎమిల్ కైరెస్, 2024 లండన్‌లో 2:06:46తో మూడు, అదే ఏడు పారిస్‌లో 2:07:29, మళ్ళీ నాలుగే. జో పేవీ కూడా 2007 ఒసాకా వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ 10,000 మీటర్లలో నాలుగు, ముందున్నామె డోపింగ్‌లో దొరికితే పదేళ్ళ తర్వాత 2017లో కాంస్యం చేతికొచ్చింది. 33 ఏళ్ళప్పుడు రావలసిన పతకం 43కి వచ్చింది. పతకానికే డబ్బు అనే రూల్‌లో ఆ పదేళ్ళకి ఎవరు వడ్డీ కడతారు?

కిరాణా అన్నా, నీ ముసలావిడ వైపు నుంచి చూసినా, ఈ నాలుగోవాడికి పెట్టినది దండగంటావా?

ఈస్ట్‌హామ్_కిరాణా · గురువారం రాత్రి 11:05

షాపు కట్టేసి వచ్చా. నాలుగోవాడికి ఇవ్వొచ్చు. ప్రపంచంలో నాలుగో మనిషి అంటే మాటలా. నేను అన్నది నలభయ్యోవాడి గురించి.

ఇంకోటి, ఆ టేపు కట్టుకున్న అబ్బాయికి స్కాన్ ప్రైవేటుగా ఎంతవుతుంది? ఊరికే అడుగుతున్నా.

రీడింగ్_రన్నర్ · శుక్రవారం రాత్రి 9:30

సారీ, రెండు రోజులు ఆఫీసులో రిలీజ్ గొడవ. అన్నీ చదివాను.

స్కాన్ సంగతి కిరాణా గారూ, మీరు అడిగే ముందే క్లబ్ వాట్సాప్‌లో మా ట్రెజరర్ లేవదీశాడు, తలా పది పదిహేను పౌండ్లు వేసుకుని సగానికి పైగా అయింది, మిగతాది నేనూ ఇంకో ఇద్దరం. చెప్తే తీసుకోడని, క్లబ్‌కి గాయాల ఫండ్ ఉందని అబద్ధం ఆడాం. వచ్చే గురువారం స్కాన్.

లక్ష్మి గారూ, ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ వేరే ఊళ్ళో, పరుగంటే ఆవిడకి పార్కులో కుక్కని తిప్పడం లాంటిదే. అడిగితే నవ్వాడు. మానేస్తాననే మాట మీదే ఉన్నాడు, నేనూ బతిమాలలేదు. కాకపోతే మడమ బాగుంటే సటన్ పార్క్‌లో జరిగే క్లబ్బుల రోడ్ రిలేలో లాంగ్ లెగ్ (పొడుగు వంతు) పరిగెడతానన్నాడు, ఐదున్నర మైళ్ళకి కాస్త తక్కువ, కొండ ఉంది. క్లబ్‌కి అదొక్కటి బాకీ ఉన్నానని అతని మాట.

బర్మింగ్‌హామ్_బజ్జి · శుక్రవారం రాత్రి 9:41

సటన్ పార్క్ అంటే మా ఇంటికి పావుగంట! వస్తున్నా. పార్కింగ్ మాత్రం నరకం, తొందరగా రండి. పులిహోర నాది.

ఈస్ట్‌హామ్_కిరాణా · శుక్రవారం రాత్రి 10:20

ఒక పెట్టె అరటిపళ్ళు పంపిస్తా, అడ్రస్ పెట్టండి. పండినవి కావాలా, పచ్చివా?

రైల్వే_మాస్టారు · శనివారం ఉదయం 5:50

వీడియో ఎవరైనా లైవ్ పెట్టండయ్యా. మీకు మధ్యాహ్నమైతే మాకు సాయంత్రం టీ టైమే. అతని నంబరు ముందే చెప్తే వెతుక్కోవడం తేలిక.